ఎవరికని అడిగే అంగడి

మా ఇల్లు కాటన్‌పేటలో ఒక అంగడి మీద ఉంటుంది. కింద, ఇక్కడి కన్నడంలో చెప్పాలంటే గ్రంధిగె అంగడి, అంటే వేళ్ళూ బెరళ్ళూ కరక్కాయలూ పూజ సామానూ అమ్మే కొట్టు. పైన మేము. కోడలిగా వచ్చిన కొత్తలో తలనొప్పితో చచ్చాను. శొంఠి, వస, గుగ్గిలం, పచ్చకర్పూరం అన్నీ కలిసి మెట్లెక్కి వచ్చి మంచం మీద కూర్చునేవి. తర్వాత ఆ వాసన ఎక్కడికి పోయిందో తెలీదు. నిజానికి అది పోలేదు, నా ముక్కే దానికి లొంగిపోయింది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ వానాకాలం మా ఇంట్లో జరిగింది నా ముక్కు కిందే జరిగింది, నాకు మాత్రం తెలియలేదు.

నేను క్యాన్సర్ ఆస్పత్రిలో నర్సుని. కీమో ఎక్కించే వార్డులో పని. వరసగా వాలుకుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు, దానికి వేలాడే సంచీ. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రానికి నా కాళ్ళు నావి కావు. ఇంటికి చేరేసరికి అత్త ఇంకా కింద గద్దె మీదే ఉండేది. ఆమె పేరు గౌరమ్మ. మామ పోయాక అంగడి ఆమె చేతికొచ్చింది. కొడుకు చంద్రశేఖర్, అంటే మా ఆయన, ఎప్పుడూ పక్కనే ఉన్నా తక్కెడ మాత్రం ఆమెదే.

ఆ అంగడికి ఒక ఆచారం ఉంది. వచ్చినవాళ్ళు ఏ వేరు అడిగినా సరే, "ఎవరికి?" అని అడగకుండా తక్కెడ ముట్టరు.

"అతిమధురం ఇవ్వక్కా."

"ఎవరికప్పా?"

"ఎవరికైతే నీకేమక్కా? దుడ్డు ఇస్తుండా కదా."

"కడుపుతో ఉండే ఆడమనిషికైతే నేనియ్యను. అడగకుండా కట్టిచ్చేదానికి ఇదేమన్నా బెల్లమా?"

మండిపడి పోయినవాళ్ళు పోయేవాళ్ళు. ఎక్కువమంది మళ్ళీ వచ్చేవాళ్ళు. మా ఆయన నడక నేర్చింది ఆ బస్తాల మధ్యే, మాట నేర్చింది ఆ ప్రశ్నతోనే. నేను మాత్రం ఆ గల్లా పెట్టె ఛాయలకి పోలేదు. నర్సింగు చదివినదాన్ని, మనకెందుకు ఈ ఆకులూ అలమలూ అని కొంచెం మిడిసిపాటు కూడా ఉండేది.

ఎండలు ముదిరిన రోజుల్లో అత్తకి రొమ్ములో గడ్డ తేలింది. మా ఆస్పత్రికే తీసుకెళ్ళాను. స్కాన్ చూసి డాక్టర్ అర్చన, "వేరే ఎక్కడికీ పోలేదు. ముందు కీమో ఇచ్చి గడ్డ చిన్నగ చేసి, తర్వాత ఆపరేషన్ చేద్దాం" అంది. అర్చన వరంగల్ అమ్మాయి, నాకంటే చిన్నది. కానీ పేషంట్ల ముందు కంగారు పడదు. అత్త ఆమెను అడిగింది ఒక్కటే, వినాయక చవితికి ముందు రోజు వచ్చే గౌరీ పండగ గురించి.

"గౌరి హబ్బ నాటికి నేను గద్దె మీద కూచోవల్ల తల్లీ. ఆ నాలుగు దినాలూ మా అంగడిలో కాలు పెట్టేదానికి చోటుండదు. వీడికి ఒక్కడికే కాదు."

"కూచుంటరమ్మా. మందు మంచిగ పడితే కూచుంటరు."

మందు పడాలి, గడ్డ కరగాలి, హబ్బలోపు ఆపరేషన్ అయిపోవాలి. ఆ వానాకాలం మా ఇంట్లో అందరం ఈ మూడు మాటల మీదే బతికాం.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. మా రోడ్డు ఎప్పటిలాగే తవ్వేసి ఉంది, అది పూడ్చి ఉండగా చూసిన గుర్తు నాకు లేదు. మొదటి కీమో తర్వాత అత్త జుట్టు రాలిపోయింది. ఆమె తలకో గుడ్డ చుట్టుకుని, దాని మీద కొంగు కప్పుకుని గద్దె ఎక్కింది. "ఏమక్కా, తిరపతికి పోయొచ్చినావా?" అని అడిగినవాళ్ళందరికీ "ఊనప్పా, స్వామి పిలిపించుకున్నాడు" అని చెప్పింది. జబ్బు సంగతి వీధిలో ఎవరికీ తెలియనియ్యలేదు. జబ్బు మనిషి ఇచ్చే మందు ఎవడు కొంటాడు అని ఆమె లెక్క.

ఆ రోజుల్లోనే మా ఆస్పత్రిలో నర్సులందరికీ ఒక క్లాసు పెట్టారు. భోజనాల తర్వాత, కళ్ళు మూతలు పడే వేళ. పాఠం చెప్పింది అర్చనే.

"ఆయుర్వేదం, నాటుమందు, హోమియో, ఉపవాసాలు, ప్రార్థన చేసిన నూనె. పేషంట్లు ఇవి వాడుతున్నమని చెప్తే మీరేం చేస్తరు?"

"ఆపెయ్యమంటాం మేడమ్" అంది బేబీ సిస్టర్. ఆమెది నెల్లూరు, మా అందరికీ పెద్ద.

"ఆపకపోతే?"

"కసురుతాం."

అందరం నవ్వాం. అర్చన కూడా నవ్వింది. "సరే. ఏ ఆకు ఏ కీమోతో కలిస్తే ఏమైతదో మీలో ఎవరికి తెలుసు?"

నవ్వులు ఆగిపోయాయి. వెనక ఎవరో దగ్గారు.

"సిగ్గుపడకండి. నాక్కూడ సరిగ్గ తెల్వదు. మాకు కాలేజీల ఎవరూ చెప్పలే. ఇంట్ల మా అమ్మ పసుపుపాలు తాగమంటే తాగుత, ఇక్కడికొచ్చి పేషంట్లని వద్దంట."

"మా ఇంట్లోనూ అంతే మేడమ్" అంది బేబీ సిస్టర్. "మా ఆయన మోకాళ్ళకి ప్రార్థన నూనె రాసేది నేనే. అయినా ఛాయని అడగండి. వాళ్ళది మూలికల అంగడే కదా!"

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. "నాకేం తెలుసు మేడమ్, నేను మేడ మీద ఉంటాను" అన్నాను. అందరూ మళ్ళీ నవ్వారు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇంట్లో నా మాట ఎవరూ వినరు, ఆస్పత్రిలో మా ఇంటి మందుల గురించి నేనేమీ చెప్పలేను. రెండు చోట్లా ఆ చెట్టుని నేనే అయ్యాను.

ఆ క్లాసు పుణ్యమా అని మేం ప్రతి పేషంటునీ అడగాల్సిన ప్రశ్నల్లో ఇంకోటి చేరింది. "నాటుమందులేమైనా తీసుకుంటున్నారా?" నేను నిలబడి, సూది గుచ్చుతూ, సంచీ వైపు చూస్తూ అడిగేదాన్ని. "లేదు సిస్టర్" అనేవాళ్ళు. సరే, పక్క కుర్చీ. ఒకామె మాత్రం పాపం బొప్పాయి ఆకు రసం తాగుతున్నానని నిజం చెప్పింది. బేబీ సిస్టర్ ఆమెని వార్డంతా వినపడేలా కడిగేసింది. ఆ రోజు అత్త పక్క కుర్చీలోనే ఉంది.

ఆమె వంతు వచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. "అత్తా, నాటుమందులేమన్నా తీసుకుంటుండావా?"

"లేదమ్మీ" అంది అత్త, కిటికీ వైపు చూస్తూ.

శ్రావణం వచ్చింది. అత్త మనిషి సగమైంది. నోట్లో పుండ్లు, అన్నం చూస్తే వాంతి. అయినా చేత్తో తడిమి చూసుకుని గడ్డ మెత్తబడిందనేది. నేనూ నమ్మాను. తర్వాతి కీమోకి తీసుకెళ్ళిన రోజు రక్తపరీక్షలో లివర్ లెక్కలు పెరిగిపోయి ఉన్నాయి. అర్చన రిపోర్టు రెండుసార్లు చూసింది.

"ఇయ్యాల కీమో వద్దు. అమ్మా, బయట మందులు ఏమన్న వాడుతున్నరా?"

"లేదు తల్లీ."

నేనూ పక్కనే నిలబడి "లేదు మేడమ్" అన్నాను. అడక్కపోయినా అన్నాను. ఒకే ఇంట్లో ఉంటున్నదాన్ని కదా, నాకు తెలియకుండా ఏం తాగుతుంది?

మర్నాడు పొద్దున డ్యూటీకి బయల్దేరి బస్‌స్టాప్ దాకా పోయాక ఐడీ కార్డు మరిచిపోయానని తెలిసింది. తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను. అంగడి షట్టరు సగం ఎత్తి ఉంది. అంత పొద్దున్నే అంగడి తెరిచే అలవాటు మా ఆయనకి లేదు. వంగి లోపలికి వెళ్ళాను. వెనక గదిలో పొయ్యి మీద ఇత్తడి గిన్నె కుతకుతలాడుతోంది, ఆయన గరిటెతో కలుపుతున్నాడు. అత్త బస్తా మీద కూర్చుని స్టీలు లోటాతో తాగుతోంది. రెండో చేతిలో బెల్లం ముక్క పట్టుకుని ఉంది, చేదు దిగాక వేసుకోడానికి, చిన్నపిల్లలాగా.

నేను పొయ్యి దగ్గరికి నడిచాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మొదటి సూది అయినప్పట్నుంచి" అన్నాడు ఆయన, గరిటె ఆపకుండా.

"ఏమేం వేస్తుండారు?"

"అమృతబళ్ళి, నేలవేము, శొంఠి, ధనియాలు. మునినారాయణప్ప చెప్పినట్ల."

అమృతబళ్ళి అంటే తిప్పతీగ. మునినారాయణప్ప వర్తూరు నుంచి వేళ్ళు కొనుక్కోడానికి మా అంగడికొచ్చే ముసలి నాటువైద్యుడు, మామ నాటి నుంచీ తెలిసినవాడు. అంటే ఇన్నాళ్ళూ నేను గడప దాటగానే కింద పొయ్యి వెలిగేది. నేను తిరిగొచ్చేసరికి ఆ వాసన మిగతా వాసనల్లో కలిసిపోయేది. వేరే ఎవరి ఇంట్లోనైనా అయితే గుమ్మంలోనే పట్టేసేదాన్ని.

"నిన్న డాక్టరమ్మ అడిగితే లేదంటివే అత్తా! నేనడిగినా లేదంటివే!"

అత్త లోటా పక్కన పెట్టింది. "ఉండాదంటే మీరు సూదులు ఆపేస్తారు కదమ్మీ. ఆకురసం తాగినామెని బేబీ సిస్టరు ఎట్ల కసిరె? ఆయమ్మ కండ్లలో నీళ్ళు పెట్టుకునె. నేను చూస్తిని కదా."

"మీకైనా బుద్ధి ఉండల్ల కదండీ! నాతో ఒక మాట చెప్పేదానికి ఏమైంది?"

"ఎప్పుడు చెప్పల్ల?" ఆయన ఇప్పుడు గరిటె వదిలేశాడు. "నువ్వు ఇంట్లో నోరు తెరిస్తే కదా? ఇంటికి వస్తానే బేజారు, బేజారని పడుకుంటావు. అమ్మ ఒక పక్క కక్కుతుంటాది. నేనేం చేయల్ల? చూస్తా కూచోవల్లనా?"

"మీ అమ్మని మీ చేత్తోనే చంపుకుంటుండారు" అన్నాను.

కోపంలో నోరు జారిందని ఇప్పుడు సర్దిచెప్పుకోను. అప్పుడు నిజమని నమ్మే అన్నాను. ఆయన పొయ్యి ఆర్పి, గిన్నెలో ఉన్నదంతా తూములో పోసేశాడు. అత్త చేతిలో బెల్లం ముక్క అలాగే ఉండిపోయింది.

ఆ రోజే అత్తనీ, ఒక సంచీలో ఆ నాలుగు దినుసులనీ తీసుకుని అర్చన దగ్గరికి పోయాను. తిట్లు తినడానికి సిద్ధపడే పోయాను. అర్చన సంచీ విప్పి టేబుల్ మీద పోసుకుంది. ఎండిన తీగ ముక్క తీసి వాసన చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని అత్త ముందు కూర్చుంది. డాక్టర్లు రౌండ్లలో నిలబడటమే చూశాను కానీ, ఒక పేషంటు ముందు తీరిగ్గా కూర్చోవడం నేను చూడలేదు.

"ఇది ఎట్ల చేస్తరో చెప్పండమ్మా. నాకు తెల్వదు."

అత్త నా వైపు చూసింది, ఇదేదో ఉచ్చేమో అన్నట్టు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఎంత నీళ్ళు, ఎంతసేపు మరగాలి, తీగ పచ్చిదైతే ఎంత, ఎండిందైతే ఎంత, ఎట్లా వడగట్టాలి. ఆ నెలల్లో ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. అర్చన మధ్యలో అడుగుతూ పోయింది.

"నేను చదివినంతల, ఈ తీగ కొందరి లివర్ మీద పడ్డదని రాసిన్రు. అందరికీ పడుతదని కాదు. కీమోతోని కూడ లివర్ లెక్కలు పెరుగుతయి. ఏది కారణమంటే ఇప్పుడు నేను చెప్పలేను. రెండూ కొద్దిరోజులు ఆపి చూద్దాం."

"ముందే చెప్పింటే ఏం చేసేదానివి తల్లీ?" అంది అత్త.

అర్చన చేతిలోని తీగ ముక్క టేబుల్ మీద పెట్టింది. "నిజం చెప్పాల్నా? వద్దని కోప్పడేదాన్ని."

"అందుకే చెప్పలే."

ఆదివారం నాడు వర్తూరు పోదామని అత్త పట్టుబట్టింది. "ఆయప్ప మందు ఆపినామని ఆయప్పకి చెప్పల్ల. చెప్పకుండా మానేస్తే మర్యాద కాదు" అంది. నాతో మాట్లాడని మా ఆయన ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వర్తూరంతా అపార్ట్‌మెంట్లే. వాటి మధ్య ఎక్కడో మునినారాయణప్ప ఇల్లు, ముందు నాలుగు కుండీల్లో తులసి, తిప్పతీగ.

సంగతంతా విని ముసలాయన నిటారుగా కూర్చున్నాడు. "ఆస్పత్రి సూదులు నడుస్తుండాయా? నీకా తల్లీ? తిరపతి గుండు అంటివే!"

"అట్ల అందరికీ చెప్పినానప్పా."

"మరి శేఖరు మందడిగినప్పుడు ఎవరికి నాయనా అని నేను అడిగితిని కదా. యారో పెద్దామెకి, నీరసానికి అనె. సూదుల మీద ఉండే మనిషికని చెప్పింటే నేను ఇచ్చేవాణ్ణే కాదు."

మా ఆయన నేల చూస్తూ "అందుకే చెప్పలేదప్పా" అన్నాడు.

నేను ఇంట్లో అంత మాట అన్నప్పుడు కూడా పలకని అత్త, ఆ మాటకి కొడుకు వైపు తిరిగింది. "ఎవరికంటే అబద్ధం చెప్తివా? మన అంగడిలో పుట్టి? ఎవరికని అడిగేదే మనం. ఆ మాటకే అబద్ధమాడితే ఇంక మనం అమ్మేది ఏముండాది?"

తిరుగు ప్రయాణంలో ముగ్గురం వాన చూస్తూ కూర్చున్నాం. ఎవరి తప్పు వాళ్ళకి తెలుసు, పక్కవాళ్ళ తప్పు ఇంకా బాగా తెలుసు.

తర్వాతి రోజులు మా ఇంట్లో చప్పుడు లేదు. వెనక గదిలో ఇత్తడి గిన్నె బోర్లించి ఉండేది. ఆయన కిందే తినేవాడు, నేను పైన తినేదాన్ని. అడకత్తెరలో పోకచెక్కలాగా మధ్యలో అత్త నలిగింది. నేను డ్యూటీకి తయారవుతుంటే ఆమె లేచి మంచం అంచున కూర్చునేది.

"పడుకో అత్తా, ఇప్పుడే ఏం పని?"

"అదే అమ్మీ. పొద్దున లేస్తే ఏం చేయల్లో తెలీకుండా ఉండాది. మీ సూది మీరేసేది, నేను చెయ్యి చాపేది. ఆ కషాయమైతే నేను తాగేది. ఇప్పుడు నేను చేసుకునేది ఏమీ లేదు."

నాకు చాలా మాటలు తట్టాయి. అన్నీ ఆస్పత్రి మాటలే. ఏదీ అనకుండా జడ వేసుకుని వెళ్ళిపోయాను. ఆ రోజు వార్డులో ఎవర్నీ నిలబడి అడగలేకపోయాను. ఆకురసం తాగినామె దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, "ఇంకా తాగుతుండారా అమ్మా?" అని అడిగాను. ఆమె చాలాసేపు నా మొహం చూసి, "ఆకురసం మానేసినా సిస్టర్, ఇంకోటి తాగుతుండా" అంది. ఏమిటని అడిగి, విని, అర్చనకి చెప్పాను. కసరలేదు. కసిరే ఓపిక కూడా లేదు.

గౌరి హబ్బ దగ్గర పడింది. కింద బాగినం సామాను, అంటే ముత్తైదువలకి వాయనమిచ్చే సామాను వచ్చింది, మొరాలనే చేటలు, పసుపు కొమ్ములు, గాజులు, నల్లపూసలు. అత్త మెట్లు దిగి కాసేపు గద్దె మీద కూర్చుని, ఆయాసంతో మళ్ళీ పైకి వచ్చేది. కళ్ళు పచ్చబడ్డాయి. నేను రోజూ పొద్దున ఆమె కళ్ళలోకి చూసి, ఇవాళ కాస్త తగ్గిందని నాకు నేనే చెప్పుకునేదాన్ని. రక్తపరీక్షలో లెక్కలు తగ్గలేదు, పెరిగాయి. అర్చన స్కాన్ రాసింది.

స్కాన్ ఫలితం వచ్చింది సరిగ్గా హబ్బ ముందు రోజు. అంగడి వదిలి ఆయన రాలేడు. అత్తని నేనే తీసుకెళ్ళాను. అర్చన ముందు నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"లివర్‌ల మచ్చలున్నయి ఛాయా. మొదటి స్కాన్‌ల ఇవి లేవు. కీమో నడుస్తుండగనే వచ్చినయి."

"కషాయం వల్ల?"

"కషాయంతోని వచ్చేవి కావు ఇవి. లెక్కలు అందుకే దిగలే. తీగ కూడ కొంత చేసిందో లేదో నాకు తెల్వదు. చేసినా, ఇది మాత్రం దాని పని కాదు." ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇంక ఆపరేషన్‌తోని లాభం లేదు. మాత్రలిస్త. నొప్పి లేకుండ చూస్త."

నాకు ముందు గుర్తొచ్చింది అత్త కాదు, పొయ్యి ఆర్పి గిన్నె తూములో కుమ్మరించిన మా ఆయన చేతులు.

అత్తని లోపలికి తీసుకొచ్చారు. అర్చన ఆ రోజులాగే ఎదురుగా కూర్చుని, జబ్బు లివర్‌కి పోయిందనీ, సూదులు ఇంక వద్దనీ, మాత్రలతో చూద్దామనీ మెల్లిగా చెప్పింది. అత్త అంతా వింది. ఎన్నాళ్ళని అడగలేదు, ఆపరేషన్ ఎప్పుడని అడగలేదు.

"అయితే ఇప్పుడు కషాయం తాగచ్చా తల్లీ?"

అర్చన నా వైపు చూడలేదు. అత్త చెయ్యి పట్టుకుంది. "ఆ తీగ ఒక్కటి వద్దమ్మా. దానిమీద నాకు ఇంకా అనుమానమే. మిగిలినవి పల్చగ పెట్టుకుని తాగండి. తాగితే ఎట్లుందో నాకు చెప్పాలె. దాచొద్దు."

"ఇంకేం దాస్తాను" అంది అత్త.

ఆటో మా రోడ్డు గుంతల్లో పడుతూ లేస్తూ పోతోంది. నేను ఆమె వీపు వెనక చెయ్యి పెట్టి పట్టుకున్నాను. ఎలా చెప్పాలి, ఎంత చెప్పాలి అని లోపల మాటలు కూర్చుకుంటున్నాను. ఇన్నేళ్ళుగా ఎంతమంది ఇళ్ళవాళ్ళకి చెప్పానో, ఒక్క మాటా పనికి రావడం లేదు.

"ఊరికే తంటాలు పడొద్దమ్మీ" అంది అత్త, బయటికి చూస్తూ. "వద్దు వద్దన్నోళ్ళు తాగమనిరి కదా. ఆడనే తెలిసిపాయె."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కొంగుతో నా మొహం తుడిచి, "వాడికి నువ్వే చెప్పు. నాకు చాతకాదు" అంది.

ఆమెని వెనక మెట్ల మీదుగా పైకి తీసుకెళ్ళి పడుకోబెట్టి కిందికొచ్చాను. వెనక గదిలోంచి నేరుగా అంగడిలోకి పోవచ్చు. పోలేకపోయాను. ఆయన పక్కన నిలబడి చెవిలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. సందులోంచి చుట్టు తిరిగి వీధిలోకి వచ్చి, అంగడి ముందు మొరాల కోసం మూగిన ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. పెళ్ళై ఈ ఇంటికొచ్చాక ఆ అంగడి ముందు కొనేవాళ్ళ వైపు నిలబడటం అదే మొదలు. ఒక్కొక్కరే జరిగారు. నా వంతు వచ్చింది.

"ఏం కావల్లమ్మా?" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా పసుపు కొమ్ములు పొట్లం కడుతూ.

"శొంఠి, ధనియాలు, నేలవేము."

ఆయన తల ఎత్తాడు. నన్ను చూసి, నా వెనక అత్త కోసం చూశాడు. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి తీగ ముక్కలున్న గంప వైపు పోయింది.

"అది వద్దు. మిగతావి చాలు."

చెయ్యి ఆగింది. నా వెనక ఎవరో "బేగ బేగ కానియ్యన్నా" అంటున్నారు. పక్కన పిల్లలు గాజుల కోసం పేచీ పెడుతున్నారు. ఆయన తక్కెడ ముట్టకుండా, ఆ గొడవలో నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అడిగాడు.

"ఎవరికి?"

"అత్తకి."

"డాక్టరమ్మ?"

"తాగచ్చన్నారు."

ఆయన తూకం వెయ్యడం మొదలుపెట్టాడు. శొంఠి వేశాడు, ధనియాలు వేశాడు, నేలవేము పుడకలు విరిచి వేశాడు. కాగితం మడిచాడు. పైనుంచి వేలాడే దారం లాగి పొట్లానికి చుట్టాడు. పుట్టినప్పటి నుంచీ కడుతున్న పొట్లమే. ముడి పడలేదు. విప్పి మళ్ళీ చుట్టాడు, మళ్ళీ జారింది.

నేను చెయ్యి చాపి దారం మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. ఆయన నా వేలి మీదుగా దారం తిప్పి, మెల్లగా బిగించాడు. ముడి పడేదాకా నేను వేలు తియ్యలేదు.